హిమాలయాలకు వెళ్ళే ముందు బంగాళాఖాతం వైపు చూడండి

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్తీకమాసంలో కొండల్లో దూరపు కాలినడకకు ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. పింఛను సవరణ, కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు మాట్లాడుకొనే వేదిక మీద ఇదేమి విషయం అని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. మన సభ్యులలో నలుగురైదుగురు వచ్చే శరత్కాలంలో నేపాల్ కొండల్లో నడవాలని ఉత్సాహపడుతున్నారు. అంతకంటె ఎక్కువమంది ఇళ్ళల్లో కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు దసరా సెలవులు రాగానే వీపున సంచి తగిలించుకొని హిమాలయాలకు బయలుదేరుతున్నారు. నడిచేవారి పాట్లు ఒక ఎత్తు, ఇంటి దగ్గర ఫోను పట్టుకొని కూర్చునేవారి పాట్లు ఒక ఎత్తు. ఈ ఇద్దరికీ పనికివచ్చే మాటలు చెప్పాలని నా ప్రయత్నం.

నేను పదవీ విరమణ చేసిన ఐదవ ఏట, 2017 నవంబరులో, నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతశ్రేణిని చుట్టివచ్చే దారిలో నడిచాను. కనుక ఆ దారినే ఉదాహరణగా తీసుకుంటాను. మిగిలిన దారులకు కూడా సూత్రాలు ఇవే.

ముందుగా దారి సంగతి. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించామన్న దానిని బట్టి ఇది 160 నుండి 230 కిలోమీటర్ల వరకు ఉంటుంది. పాతకాలం నుండి బేసిసహర్ అనే ఊరు దగ్గర మొదలుపెడతారు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 760 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మన అరకు కంటె తక్కువ ఎత్తే. అక్కడ నుండి మర్స్యాంగ్డి నది వెంబడి పైకి పోతే చామే 2,670 మీటర్లు, మనాంగ్ 3,540 మీటర్లు. చివరకు థొరొంగ్ లా అనే కనుమ, 5,416 మీటర్లు. టిబెటన్ భాషలో "లా" అంటేనే కనుమ. అది దాటి అవతలి వైపు 1,600 మీటర్లకు పైగా దిగితే ముక్తినాథ్ క్షేత్రం. వైష్ణవులు 108 దివ్యదేశాలలో ఒకటిగా కొలిచే క్షేత్రం అది. గుడి వెనుక 108 నీటి ధారలు. సాలగ్రామాలు దొరికే గండకీ నది కింద లోయలోనే పారుతుంది. మనవాళ్ళు సాధారణంగా పోఖరా నుండి జోమ్‌సోమ్ మీదుగా విమానంలోనో జీపులోనో ముక్తినాథ్ చేరుకుంటారు. నడిచేవారు కొండ వెనుక నుండి, కనుమ దాటి వస్తారు. స్వామి ఒక్కడే, దారులు రెండు.

ఈ దారిలో గుడారం, వంట సామాను మోయనక్కరలేదు. ప్రతి రెండు మూడు గంటల నడకకు ఒక సత్రం వంటిది ఉంటుంది. పడుకోవడానికి మంచం, తినడానికి పప్పూ అన్నం దొరుకుతాయి. కాబట్టి సామాను విషయం మీరు భయపడినంత కష్టం కాదు. అసలు కష్టం వాతావరణం.

వానాకాలం అక్టోబరు మొదటి వారాలకు నేపాల్ నుండి తప్పుకుంటుంది. ఆకాశం కడిగిన అద్దంలాగా ఉంటుంది. అందుచేత అక్టోబరు, నవంబరు నెలలే నడకకు శ్రేష్ఠమని అందరూ అంటారు. అది నిజమే. అక్టోబరులో జనం ఎక్కువ. నవంబరు రెండవ పక్షానికి జనం పలచబడతారు, సత్రాలలో మంచాలు సులువుగా దొరుకుతాయి. అయితే అప్పటికి చలి ముదురుతుంది. పగలు పదకొండు గంటల కంటె తక్కువకు కుదించుకుపోతుంది. సాయంత్రం ఐదు దాటగానే చీకటి. ఈ రెండింటి సంగతీ ఏ పుస్తకం చూసినా ఉంటుంది. మూడవ సంగతి ఒకటి ఉంది. అది మన తీరవాసులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అదే తుపాను.

అక్టోబరు, నవంబరు అంటే మనకు ఏమిటి? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. హుద్‌హుద్ గురించి విశాఖపట్నంలో ఉన్నవారికి నేను చెప్పవలసింది లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం గంటకు 170 నుండి 180 కిలోమీటర్ల వేగంతో గాలి మన ఊరి మీద పడింది. చెట్టన్నది నిలవలేదు. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. మనం చెట్ల కొమ్మలు నరికి దారి చేసుకొనే పనిలో ఉన్నాము. ఆ తుపాను మనలను దాటి ఎక్కడికి పోయిందో చూసే తీరిక ఎవరికి ఉంది?

అది ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి, ఉత్తరప్రదేశ్ వైపు పోయింది. గాలి వేగం చచ్చిపోయింది కాని, సముద్రం మీద నుండి ఎత్తుకుపోయిన తేమ చావలేదు. అదే సమయంలో పడమటి నుండి వచ్చిన ఒక గాలుల ద్రోణి ఆ తేమను పట్టుకొని హిమాలయాల వైపు లాగింది. తేమ గాలి కొండ గోడకు తగిలి పైకి లేచి, చల్లబడి, మంచుగా కురిసింది. పటం తీసి చూడండి. విశాఖపట్నం నుండి నిట్టనిలువుగా ఉత్తరానికి గీత గీస్తే సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఆ గీతకు దగ్గరలోనే థొరొంగ్ లా ఉంటుంది. అక్టోబరు 14న ఆ కనుమ మీద, దాని చుట్టుపక్కల, ధవళగిరి ప్రాంతంలో మంచుతుపాను, మంచు చరియలు కలిసి కనీసం 43 మందిని పొట్టన పెట్టుకున్నాయి. వారిలో విదేశీయులు ఉన్నారు, నేపాలీ గైడ్లు, బరువులు మోసే కూలీలు ఉన్నారు. వందల మందిని హెలికాప్టర్లలోను, కాలినడకనూ దించవలసి వచ్చింది.

గమనించండి. 12వ తేదీ మధ్యాహ్నం మన దగ్గర. 14వ తేదీ అక్కడ. మధ్యలో రెండు రోజులు ఉన్నాయి. ఆ రెండు రోజులలో కనుమ కింద సత్రాలలో వందల మంది భోజనాలు చేసి, తెల్లవారుజామున బయలుదేరడానికి సంచులు సర్దుకున్నారు. మన ఊరి మీద పడ్డ తుపాను తమ మీదకు వస్తున్నదని వారిలో ఎక్కువమందికి చెప్పినవారు లేరు.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 1995 నవంబరు 9న ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దు దగ్గర తీరం దాటిన తుపాను కూడా అలాగే పైకి పోయి నేపాల్‌లో అకాల హిమపాతం కురిపించింది. ఎవరెస్టు ప్రాంతంలో గోక్యో దారిలో ఉన్న పంగా అనే చోట మంచు చరియ విరిగిపడి, రాత్రి బస చేసిన జపాను యాత్రికులు, వారి నేపాలీ సహాయకులు ప్రాణాలు కోల్పోయారు. 2025 అక్టోబరు చివర మన కోస్తాను తాకిన మొంథా తుపాను తరువాత కూడా నేపాల్ కొండల్లో భారీగా మంచు కురిసి యాత్రికులు దారుల్లో చిక్కుకుపోయారు. ప్రతి తుపానూ అక్కడికి పోదు. చాలావరకు ఒడ్డు దాటి చప్పబడిపోతాయి. కాని ఏది పోతుందో, ఏది పోదో తేలేంతవరకు ఆగడం మన చేతిలో ఉన్న పని.

అందుచేత నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. వీపు సంచిలో పెట్టుకోవలసిన వస్తువులన్నింటిలో విలువైనది దుప్పటి కాదు, బూట్లు కావు, మందుల పెట్టె కాదు. అదనపు రోజులు. పద్నాలుగు రోజుల నడక అనుకుంటే పద్దెనిమిది రోజులకు తిరుగు టిక్కెట్టు తీసుకోండి. కొండల్లో ప్రాణాలు పోయిన కథలు విన్నప్పుడు చలి, మంచు, గాలి అన్న పేర్లు వినిపిస్తాయి. వాటి వెనుక చాలాసార్లు తిరుగు టిక్కెట్టు తేదీ, ఆఫీసులో సెలవు అయిపోయే తేదీ ఉంటాయి.

ఈ ఒక్క విషయంలో మనకు కుర్రవాళ్ళ కంటె బలం ఎక్కువ. మోకాళ్ళు వారికి ఉన్నాయి, తీరిక మనకు ఉంది. క్యాజువల్ లీవు, ఎర్న్‌డ్ లీవు అని ముప్పై అయిదేళ్ళు లెక్కలు వేసుకున్నాము. ఇప్పుడు ఎవరికీ అర్జీ పెట్టనక్కరలేదు. ఆ ఆస్తిని కొండ మీద ఖర్చుపెట్టాలి.

మా సంగతి చెబుతాను. మేము నలుగురము బయలుదేరాము. నేను, నాతో పనిచేసి రిటైరైన మిత్రులు ఇద్దరు, మా చిన్నబ్బాయి. మేము మనాంగ్ చేరేసరికి నవంబరు నెల మధ్య. ఇంటి నుండి మా ఆవిడ ఫోనులో కబురు చెప్పింది. కోస్తాకు ఎదురుగా బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారట. మనాంగ్‌లో ఆకాశం నీలంగా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు. మా అబ్బాయి, "నాన్నా, ఇక్కడ ఎండ కాస్తుంటే ఎక్కడో సముద్రంలో వాయుగుండం అని కూర్చుంటామా? నాకు ఇరవై నాలుగవ తేదీకి ఆఫీసులో ఉండాలి" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. వాడి మేనేజరు వాడికి ఉన్నాడు. అయితే ఇంటి దగ్గర బయలుదేరే ముందే మేము ఒక కాగితం మీద మూడు నియమాలు రాసుకొని నలుగురమూ సంతకాలు చేశాము. ఉద్యోగం పోయినా ఫైలు మీద సంతకం అలవాటు పోలేదు కదా! ఆ కాగితం తీసి వాడి ముందు పెట్టాను. వాడు చదువుకొని, నవ్వి, బూట్లు విప్పేశాడు.

రెండు రోజులు ఆగాము. ఆ వాయుగుండం ఒడ్డుకు దగ్గరగా వచ్చి బలహీనపడిపోయింది. కొండ మీద ఏమీ జరగలేదు. "రెండు రోజులు వృథా అయ్యాయి గదా" అని మా అబ్బాయి అన్నాడు. ఇన్సూరెన్సు ప్రీమియం కట్టిన ఏడాదిలో మనకు ఏమీ జరగకపోతే డబ్బు వృథా అయిందని ఏడుస్తామా? ఇదీ అంతే. పైగా ఆ రెండు రోజుల విశ్రాంతి వల్ల మా ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడింది. కనుమ దాటే రోజున ఆ లాభం తెలిసింది.

ఆ కాగితం మీద రాసిన మూడు నియమాలు ఇవి.

మొదటిది. బంగాళాఖాతంలో వాయుగుండం కాని, తుపాను కాని ఉన్నంతకాలం మనాంగ్ దాటి పైకి పోకూడదు. అది బలహీనపడిందని, లేదా వేరే దిక్కుకు పోయిందని తెలిసిన తరువాత, ఇంకొక రోజు ఆకాశం చూసి కదలాలి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న మెట్లు మనకు రేడియో వార్తలతోనే వంటబట్టాయి. ఆ జ్ఞానం అక్కడ అక్కరకు వస్తుంది.

రెండవది. ఎవరికైనా తలనొప్పితో పాటు వాంతులు అయినా, నడకలో తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, ఆ పూటే కిందికి దిగాలి. తెల్లవారేదాకా చూద్దామన్న మాట లేదు. ఆ మనిషి "నాకేమీ లేదు" అన్నా వినకూడదు.

మూడవది. ఉదయం పది గంటలకు కనుమ మీదకు చేరకపోతే ఎక్కడ ఉంటే అక్కడనుండి వెనక్కు తిరగాలి. పొద్దు ఎక్కేకొద్దీ ఆ కనుమ మీద గాలి ఉధృతమౌతుంది. అవతలి వైపు దిగుడు చాలా పొడవు, పగలు చాలా పొట్టి.

ఈ నియమాలను ఇంటి దగ్గర, కాఫీ తాగుతూ, తల చల్లగా ఉన్నప్పుడు రాసుకోవాలి. అయిదు వేల మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో ఇంచుమించు సగం. అక్కడ ఆలోచన కూడా సగమే పనిచేస్తుంది. అంత కష్టపడి వచ్చి, ఇంకొక్క గంట నడిస్తే అయిపోతుందన్నప్పుడు ఎవరికీ వెనక్కు తిరగబుద్ధి కాదు. ఆ మాట కాగితం చెప్పాలి. ఇంకొక మాట. నిర్ణయం చెప్పే అధికారం, అందరికంటె తక్కువ సెలవు ఉన్న మనిషికి ఇవ్వకండి.

ఇక ఎత్తు సంగతి. 3,000 మీటర్లు దాటిన తరువాత, ఈ రాత్రి పడుకున్న చోటు కంటె రేపు రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకరోజు విశ్రాంతి. పగలు కాస్త పైకి ఎక్కి చూసి, రాత్రికి దిగివచ్చి పడుకోవడం మంచిది. ఇప్పుడు మనాంగ్ దాకా జీపు దారి పడింది. కష్టం తగ్గింది కదా అని ఒక్కరోజులో 760 నుండి 3,540 మీటర్లకు జీపులో పోవడం ప్రమాదం. జీపు ఎక్కినా చామేలోను, పిసాంగ్‌లోను రాత్రులు ఆగండి. ముక్తినాథ్‌కు అవతలి వైపు నుండి యాత్రకు పోయే పెద్దలకు కూడా ఇదే మాట. పోఖరా సుమారు 800 మీటర్లు, ముక్తినాథ్ 3,700 పైచిలుకు. ఒక్క రోజులో దర్శనం ముగించాలని తొందరపడకుండా జోమ్‌సోమ్‌లోనో కాగ్‌బేనిలోనో ఒక రాత్రి నిద్రచేసి పోతే దర్శనం తలనొప్పి లేకుండా జరుగుతుంది.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్యశిబిరం ఉంది. 1973లో ఏర్పడిన సంస్థ అది. యాత్రల కాలంలో వారి డాక్టర్లు ఎత్తు జబ్బు గురించి ఉపన్యాసం ఇస్తారు. తప్పక వినండి. మా మిత్రులలో ఒకరికి రెండవ నియమం అక్కరకు వచ్చింది. మనాంగ్ దాటి యాక్ ఖర్కా అనే చోట, సుమారు 4,000 మీటర్ల ఎత్తున, మధ్యాహ్నం ఆయనకు తలనొప్పి మొదలై సాయంత్రానికి వాంతి అయింది. "రాత్రి పడుకుంటే సర్దుకుంటుంది" అన్నారు. మేము మాట్లాడలేదు. సహాయ గైడును తోడిచ్చి, టార్చిలైటు చేతికిచ్చి, పొద్దు ఉండగానే దించేశాము. మనాంగ్ చేరేసరికి తలనొప్పి సగం తగ్గింది. మరునాటికి మనిషి మామూలు అయ్యారు. ఆయన జీపులో దిగిపోయి పోఖరాలో మాకోసం ఎదురుచూశారు. మరుసటి ఏడు సతీసమేతంగా జోమ్‌సోమ్ మీదుగా వెళ్ళి ముక్తినాథుని దర్శించుకొని వచ్చారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దని నాకు ముందే ఆజ్ఞ వేశారు.

ఆరోగ్యం విషయం. బయలుదేరడానికి మూడు నెలల ముందు డాక్టరును కలవండి. గుండె పరీక్ష, ట్రెడ్‌మిల్లు పరీక్ష ఆయన చెప్పినట్లు చేయించుకోండి. ఎత్తుకు వాడే డయమాక్స్ అనే మాత్ర ఉంది. అది మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేస్తుంది. రక్తపోటుకు అలాంటి మాత్ర ముందే వాడుతున్నవారు, సల్ఫా మందులు పడనివారు డాక్టరుకు ఆ మాట చెప్పకుండా వాడకూడదు. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్‌ను గడ్డకట్టనివ్వకూడదు. పగలు చొక్కా లోపల, రాత్రి పడక లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. చక్కెర చూసే యంత్రం చలికి సరిగా పనిచేయదు. దానిని కూడా వెచ్చగా ఉంచాలి. మందులు రెండు భాగాలు చేసి రెండు సంచులలో పెట్టండి. ఒకటి పోతే ఒకటి ఉంటుంది.

నడకకు సాధన మన ఊళ్ళోనే ఉంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చేసేవారు మనలో చాలామంది ఉన్నారు. అది ఒకరోజు నడక. దానికి తోడు వారానికి మూడు రోజులు, ఎనిమిది కిలోల సంచి వీపున వేసుకొని సింహాచలం మెట్లు ఎక్కి దిగండి. ఎక్కడం గుండెకు పరీక్ష, దిగడం మోకాళ్ళకు పరీక్ష. మన మోకాళ్ళకు ఈ రెండవదే పెద్ద పరీక్ష. చేతికి రెండు కర్రలు అలవాటు చేసుకోండి. బూట్లు కొత్తవి కొని సరాసరి కొండకు పోకండి. రెండు నెలలు మన ఊరి రోడ్ల మీద అరగదీయండి.

చలి లెక్క కూడా చెబుతాను. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సముద్రం ఒడ్డున 25 డిగ్రీలు ఉందనుకుంటే 5,416 మీటర్ల దగ్గర 35 డిగ్రీలు తీసివేయాలి. అంటే సున్నాకు పది డిగ్రీలు దిగువ. ఇది గాలి లేనప్పటి లెక్క. తెల్లవారుజామున, గాలి వీస్తుంటే ఒంటికి తెలిసే చలి ఇంకా చాలా ఎక్కువ. నూలు బట్టలు చెమటకు తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఒంటికి ఆనుకొని ఉన్ని బనియను, దాని మీద ఉన్ని చొక్కా, ఆ పైన దూదిపరుపులాంటి కోటు, అన్నింటి మీద గాలి, నీరు చొరని కోటు. ఇలా పొరలు పొరలుగా ఉంటే నడిచేటప్పుడు విప్పవచ్చు, ఆగినప్పుడు తొడుక్కోవచ్చు. చేతులకు రెండు జతల తొడుగులు, మంచు మీద ఎండ కళ్ళు చెడగొట్టకుండా నల్ల కళ్ళద్దాలు. మన మంకీ టోపీని చూసి పిల్లలు నవ్వుతారు. కనుమ మీద ఎవరూ నవ్వలేదు. మా అబ్బాయి నాది అడిగి పెట్టుకున్నాడు.

మీ సంచి మోయడానికి మనిషిని పెట్టుకుంటే ఆయనకు కోటు, బూట్లు, కళ్ళద్దాలు, బీమా ఉన్నాయో లేదో ఊళ్ళోనే చూడండి. లేకపోతే ఏర్పాటు చేయండి. మన బరువు మోసే మనిషి చలికి వణుకుతుంటే మనం చేసేది తీర్థయాత్ర ఎలా అవుతుంది? 2023 ఏప్రిల్ 1 నుండి విదేశీ యాత్రికులు గైడును వెంట పెట్టుకొని నడవాలని నేపాల్‌లో నిబంధన వచ్చింది. ఖర్చు అనుకోకండి. మన వయసువారికి అది మేలే. గుర్తింపుకు పాస్‌పోర్టు కాని, ఓటరు కార్డు కాని దగ్గర ఉంచుకోండి. ప్రయాణ బీమా తీసుకొనేటప్పుడు రెండు విషయాలు చిన్న అక్షరాలలో వెతకండి. ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, ఎంత వయసు వరకు వర్తిస్తుంది. హెలికాప్టరు ఖర్చు అందులో ఉండాలి.

ఇప్పుడు ఇంటి దగ్గర ఉండేవారికి. మీది చిన్న ఉద్యోగం కాదు. నడిచేవారికి కొండల్లో ఫోను ఒకచోట పలుకుతుంది, ఒకచోట పలకదు. వార్తలు చూసే వీలుండదు. కనుక ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి. రోజూ భారత వాతావరణ శాఖ బులెటిన్ చూసి బంగాళాఖాతం సంగతి రెండు ముక్కల్లో సందేశం పంపాలి. "సముద్రం శాంతం" అనో, "వాయుగుండం, ఆగండి" అనో చాలు. ఏ రోజు ఏ ఊళ్ళో బస, గైడు ఫోను నంబరు, బీమా పాలసీ నంబరు రాసిన కాగితం ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. ఒకరోజు ఫోను రాకపోతే కంగారుపడవద్దు. ఎన్ని రోజులు రాకపోతే ఎవరికి చెప్పాలో ముందే అనుకొని ఉండాలి. అన్నింటికంటె ముఖ్యం, "ఎప్పుడు వస్తారు, ఎప్పుడు వస్తారు" అని తొందరపెట్టవద్దు. "ఆలస్యమైనా ఫరవాలేదు" అన్న మాట ఇంటి నుండి వస్తే కొండ మీద ఉన్నవాడు ధైర్యంగా ఆగగలుగుతాడు. పిల్లలు వెళుతున్నప్పుడు కూడా తల్లిదండ్రులు చెప్పవలసింది, "జాగ్రత్త" అన్న ఒక్క మాట కాదు. "రెండు రోజులు సెలవు ఎక్కువ పెట్టు నాయనా" అని చెప్పండి. జాగ్రత్త అన్నది అందరూ అంటారు, సెలవు పెంచమని ఎవరూ అనరు.

చివరగా మన సంఘానికి సంబంధించిన ఒక మాట. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వవలసింది నవంబరులోనే. నవంబరులో కొండ మీద ఉంటే, బతికే ఉన్నామని బ్యాంకుకు చెప్పేదెవరు? బయలుదేరే ముందు నవంబరు మొదటి రోజులలోనే ఆ పని ముగించుకోండి. వెళ్ళడం నవంబరు చివరకు పడితే ఇంకా సులువు. బ్యాంకు పని, ఇంటి పని పూర్తిచేసుకొని నిశ్చింతగా బయలుదేరవచ్చు.

ఈ సంవత్సరం వెళ్ళదలచిన సభ్యులు కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వండి. మా నియమాల కాగితం నకళ్ళు ఆయన దగ్గర ఉంచాను. మీకు అనువుగా మార్చుకొని, కలిసి వెళ్ళేవారందరూ సంతకాలు చేయండి. దానికి ఒక నకలు ఇంట్లో ఇచ్చి వెళ్ళండి.